థిన్నర్ గుడ్డ

మార్చి 4, మంగళవారం

ఈ డైరీలో ఇంతవరకు పాలు, కరెంటు, జీతాలు తప్ప ఇంకేమీ రాయలేదు. ఇవాళ్టిది ఎవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను.

రెండో బిడ్డ కోసం అబ్బాయి, కోడలు డాక్టరు దగ్గరికి వెళ్తుంటే నేనూ బయల్దేరాను, కోడలి లోపమేమిటో నా చెవులతో విందామని. మొన్న ఆదివారం నా ఆడపడుచు ఎదుటే అన్నాను, ఆఫీసు కుర్చీలో కూర్చుని కూర్చుని దీని ఒళ్ళు మొద్దుబారిందని. కోడలు కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రిపోర్టుల్లో కోడలికి అంతా నార్మల్. అబ్బాయికే వీర్యకణాల కౌంట్ బాగా తక్కువ. చిన్నప్పుడు ఎక్కడ పెరిగావని అడిగింది డాక్టరమ్మ. మా స్క్రీన్ ప్రింటింగ్ షాపులోనే, వెనకే ఇల్లు, ఒంటినిండా ఇంకు మరకలే అన్నాడు నవ్వుతూ. ఇంకు వదలగొట్టే థిన్నర్‌లో ముంచిన గుడ్డతో మోచేతుల దాకా తుడిస్తే గానీ మా అమ్మ కంచం ముందు కూర్చోనిచ్చేది కాదండీ, అంత శుభ్రం అన్నాడు.

డాక్టరమ్మ రాయడం ఆపింది. ఇదే కారణమని తేల్చి చెప్పలేమంది. పసితనంలో ఒంట్లోకి వెళ్ళే కొన్ని రసాయనాలు పెద్దయ్యాక సంతానం మీద ప్రభావం చూపవచ్చంది. ఇప్పుడు ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగింది.

నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

మార్చి 5

కోడలు ఎప్పటిలాగే పొద్దున్నే కాఫీ తెచ్చిచ్చింది. నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

మార్చి 7, సాయంత్రం

బుడంకాయకు, అదే మా మనవరాలికి, ఐదేళ్ళు. స్కూలు నుంచి నేరుగా షాపులోకే వస్తుంది. దాని చేతులూ నేనే తుడుస్తాను, అదే థిన్నర్‌తో. నిరుడు కోడలు, వద్దత్తయ్యా, వాసనకే తల తిరుగుతోంది అంది. ఇలాగే తుడిచి మీ ఆయన్ని పెంచాను, వాడికేం లోటొచ్చిందో చెప్పమన్నాను.

మంగళవారం నుంచి తుడవడం లేదు. ఇవాళ బుడంకాయే గుడ్డ వెతుక్కుని, వరండాలో కూర్చుని బొమ్మ చేతులు తుడుస్తోంది. మొహం కూడా తుడిచినట్టుంది, బొమ్మ కళ్ళు చెరిగిపోయాయి. ఏం చేస్తున్నావే అంటే, శుభ్రం చెయ్యకుండా అన్నం ఎలా పెడతాను నానమ్మా అని నన్నే గదమాయించింది.

గుడ్డ లాక్కున్నాను. ఏడ్చింది. కోడలు పరుగెత్తుకొచ్చి నా చేతిలో గుడ్డ చూసింది. మళ్ళీ పిల్లను తుడుస్తున్నాననుకుంది. కాదని వాదించకుండా గుడ్డ తన చేతికిచ్చేశాను. నేర్పింది నేనేగా.

మార్చి 8

1. థిన్నర్ డబ్బాలు, గుడ్డలు షాపు బీరువాలో. తాళం అబ్బాయి దగ్గర.

2. బుడంకాయ షాపు గుమ్మం తొక్కకూడదు. పక్క సందులోంచి ఇంట్లోకి.

3. చేతులకు సబ్బే. మరక పోకపోతే మరకతోనే అన్నం.

4. రేపు ఆడపడుచును పిలవాలి. కోడలిని కూర్చోబెట్టి, ఆవిడ వినేలా క్షమించమని అడగాలి. గ్లాసులు నేను తీయాలి.