కొట్టివేత పక్కన సంతకం

జనగామ, ఏప్రిల్ 10, 1984, మంగళవారం

ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్న చేతితో ఈరోజు బీఏ పరీక్ష రాశాను. మా వాడకట్టు సుజాతకు చూపు లేదు. ఆమె చెబుతుంటే, పదో తరగతితో చదువాపిన నేను రాయాలి. నా రాతకు రిజిస్ట్రారు కూడా వంక పెట్టడు, ఇదెంత అనుకున్నాను.

అక్బర్ మీది ప్రశ్నకు జవాబులో పానిపట్టు యుద్ధం 1556లో జరిగిందని చెప్పింది. పాపం పొరపడిందని నేనే 1526 అని రాశాను. చదివి వినిపించకుండా ఏ దస్తావేజు మీదా వేలిముద్ర వేయించను కదా, జవాబు కూడా మెల్లగా చదివి వినిపించాను.

"నేను గట్ల చెప్పలే కాకా. నువ్వు రాసింది మొదటి యుద్ధం, గిది రెండోది. కొట్టేసి నేను చెప్పింది రాయి," అంది.

సిగ్గుపడి కొట్టేశాను. దస్తావేజుల అలవాటు కొద్దీ కొట్టివేత పక్కన పొట్టి సంతకం కూడా పెట్టేశాను! రాసినవాళ్లెవరో తెలిసేలా జవాబుల మధ్య ఎవరి సంతకమూ ఉండకూడదట. సూపరింటెండెంటు జరిగింది రాసి జతచేశాడు. దిద్దేవాళ్లు ఒప్పుకుంటారో, లేదో...

బయటికి వచ్చాక సుజాతే నాకు ధైర్యం చెప్పింది.

"పరేషాన్ గాకు కాకా, పాసైత. ఎల్లుండి గూడ నువ్వే రావాలె. గని, నీకు తెలిసిందంత ఇంట్ల పెట్టి రా."