మిత్సు మళ్ళీ బడికి వెళ్ళింది

శాన్‌ఫ్రాన్సిస్కో,
1907 మార్చి.

చిరంజీవి తమ్ముడు కంజిరోను అక్క తొమే మనసారా దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, మీ బావా, మిత్సూ కులాసాగా ఉన్నాం. హవాయి చెరకు తోటలో నీ చేతికి తగిలిన గాయం మానిందో లేదో రాయనేలేదు. ఇక్కడి చలి గురించి అడిగావు. మంచు పడదుగాని, పొగమంచు ఎముకలు కొరుకుతుంది. భూకంపంలో పోయిన చెప్పుల దుకాణాన్ని మీ బావ మళ్ళీ నిలబెట్టాడు.

మిత్సు బడి సంగతి నీకు సగమే రాశాను. కిందటి శరత్కాలంలో, జపాను పిల్లలంతా వేరే బడికే పోవాలని ఈ నగరం వాళ్ళు ఉత్తర్వు వేశారు. భూకంపం మంటల్లో కాలిపోయిన వీధులన్నీ దాటితేగాని ఆ బడి రాదు. "నా కూతురికేం తెగులు పట్టిందని వెలివేస్తారు?" అని మీ బావ పంపనన్నాడు. పిల్ల చలికాలమంతా దుకాణంలో తోలు ముక్కల మధ్య కూర్చుని, చదివిన పాఠాలే మళ్ళీ మళ్ళీ చదువుకుంది.

మన జపాను ప్రభుత్వం మండిపడింది. అది తప్పని వాషింగ్టన్‌లో అధ్యక్షుడూ అన్నాడు. "బడులు మావి, మధ్యలో నువ్వెవరు?" అన్నారు ఈ రాష్ట్రం వాళ్ళు. పక్కింటి ఐరిష్ ముసలమ్మ మిసెస్ డూలన్, "నీ కూతురి పలక కోసం యుద్ధనౌకలు కదిలేట్టున్నాయే!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఉత్తర్వు ఎత్తేశారు. ఆ కబురు విని మీ బావ చేతిలో తోలు కోసే కత్తి పక్కన పెట్టి మొహం తుడుచుకున్నాడు. నేను పండక్కి వండినట్టు ఎర్ర గింజల అన్నం వండాను.

తమ్ముడూ, అసలు మాట రాయలేక ఇంతసేపూ తిప్పుతున్నాను. పిల్లల్ని బడికి రానిచ్చినందుకు బదులుగా, హవాయి నుంచి మన కూలీలెవరూ ఇక్కడికి రాకూడదని వాషింగ్టన్ ఆజ్ఞ వేసింది. నువ్విక రాలేవు. ఓడ టిక్కెట్టు కొనకు. ఎర్రన్నం తింటూండగా మీ బావ పత్రికలో ఆ ముక్క చదివాడు. నేను గిన్నెకి మూత పెట్టేశాను.

మర్నాడు మిత్సు గుమ్మం దిగనంది. "మామయ్యని ఆపేసి నన్ను రమ్మన్నారా? నేను పోను."

మీ బావ కింద కూర్చుని దాని బూట్ల తాళ్ళు కట్టాడు. "నువ్వు మానేస్తే మామయ్య వస్తాడా? వాళ్ళు ఆపాలనుకున్నది మీ ఇద్దర్నీ తల్లీ. మీలో ఒకళ్ళైనా లోపలికి వెళ్ళాలి."

వెళ్ళింది. రోజూ వెళ్తోంది. కానీ ఇంటికొచ్చి బడి కబురొక్కటీ చెప్పదు. తప్పు చేసినదానిలా తల దించుకుని తింటుంది.

నీకు కోపం వస్తే నా పేరున రాయి, పడతాను. మిత్సుకి మాత్రం విడిగా ఒక ఉత్తరం రాయి. బాగా చదువుకోమని రాయి. మేమెంత చెప్పినా దానికి ఎక్కడంలేదు. ఆ మాట నువ్వే చెప్పాలి.

ఇట్లు,
నీ రాక కోసం పరుపు కుట్టి ఉంచిన
అక్క తొమే