ఎర్ర టేపు మీద మామయ్య సంతకం

కర్దనూర్,
మే 7.

పూజ్యులైన మామయ్య గారికి,

అల్లుడు నవీన్ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అమ్మాయి హర్షిణీ క్షేమం. కారు క్షేమంగా లేదు.

ఫోన్ చేద్దామంటే "ఫోన్ల చెప్పిన రిపేరు గాలికి పోతది, కాగితం మీద రాయి" అంటారు. ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు ఫిట్టరుగా లాగ్ బుక్ రాసిన చెయ్యి కదా మీది. అందుకే ఇది రాసి పోచయ్య పాలవ్యాన్‌లో పంపుతున్నాను.

మొన్న ఆదివారం మీరు అత్తమ్మతో వచ్చి రేడియేటర్ ఫ్యాన్‌కు పట్టిన దుమ్మంతా దులిపారు. పని సగంలో ఉండగా మటన్ చల్లారిపోతోందని అత్తమ్మ కేకేస్తే లోపలికి వెళ్ళి తిన్నారు. తిన్నాక ఫ్యూజ్ డబ్బా మూత బిగించి, ఎర్ర టేపు చుట్టి, దాని మీద "చెక్డ్. ఓకే. నర్సింహ" అని సంతకం పెట్టి బస్సెక్కారు. ఆ రోజు నుంచి ఫ్యాన్ అసలు తిరగడం లేదు. అంతకుముందు గరగరమని చప్పుడైనా చేసేది. బండి పరుగెడుతుంటే ఏ బాధా లేదు. ముత్తంగి దగ్గర ట్రాఫిక్‌లో ఆగామా, వేడి చూపించే ముల్లు పైకి లేచిపోతోంది.

ఈ నెల 20న సంగారెడ్డిలో హర్షిణికి ఈ కారు మీదే డ్రైవింగ్ టెస్ట్ ఉంది. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. 28తో లెర్నింగ్ లైసెన్స్ గడువు కూడా అయిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. "బొంతపల్లిల నా ల్యాబ్‌కు పోవాల్నంటే కంపెనీ బస్సు ఊర్లన్ని తిప్పి రెండు గంటలైనంక దింపుతది. ఈసారి లైసెన్స్ రాకపోతే మిమ్మల్నిద్దర్ని రోజూ ఆ బస్సెక్కిస్త" అంటోంది. బండిని మెకానిక్‌కు చూపించమంటారా?

ఇట్లు,
మీ విధేయుడైన అల్లుడు,
నవీన్.

తా.క.: హీటర్ పెడితే ఇంజను వేడి కొంత తగ్గుతుందని ఎవరో చెప్పారు. పెట్టుకునే నడుపుతున్నాం, మే నెలలో. నిన్న పక్కింటి పెద్దాయనను ఎక్కించుకున్నాను. పటాన్‌చెరు దాకా రావాల్సిన మనిషి సగం దారిలో దిగి, నాకు దండం పెట్టి, ఎండలో నడుచుకుంటూ వెళ్ళాడు.

*

హత్నూర,
మే 8.

చిరంజీవి నవీన్‌ను మామ నర్సింహ దీవించి రాసేది ఏందంటే,

నీ ఉత్తరం ముట్టింది. "చప్పుడైనా చేసేది" అని రాసినవ్. అంటే నేను చెయ్యి పెట్టినంకనే చెడిపోయిందనా నీ మాట? సాఫ్ చెప్పు. మీ అత్త ఇందిరమ్మ చదివి "అల్లుడు గట్ల అనలే" అంటున్నది. అన్నవ్. నేను రెండుసార్లు చదివిన.

మెకానిక్ మాట ఇంకోసారి ఎత్తకు. ఇంట్ల నా అసుంటి ఫిట్టర్‌ను పెట్టుకొని బండిని రోడ్డు మీది షెడ్డుకు తీస్కపోతే నలుగురు నవ్వుతరు. నేను చెప్త, నువ్వు చెయ్యి. బ్యాటరీ వైరు ఇప్పి, ఫ్యాన్ మోటర్ బయటికి తియ్యి. దానికి రెండు వైర్లు కట్టి సీదా బ్యాటరీకి ముట్టియ్యి. తిరిగితే మోటర్ మంచిగున్నట్టు, తిరగకపోతే పోయినట్టు. గింతే.

ఫ్యూజ్ డబ్బా జోలికి మాత్రం పోకు. ఫ్యూజ్ నేను కండ్లార సూసిన, ఫస్ట్ క్లాస్‌గున్నది. పెద్దోడు సూసి సంతకం పెట్టినంక మల్ల ఇప్పి సూసుడంటే ఆ మనిషిని నమ్మనట్టే.

నీ మంచి కోరే మామ,
నర్సింహ.

తా.క.: ఆ ఫ్యాన్ ఎప్పుడంటే అప్పుడు దానంతటదే తిరుగుతది, వేళ్ళు పైలం. నేనైతే ముందుగాల ఫ్యూజ్ గుంజి అంగి జేబుల ఏసుకుంట, అటెన్కనే చెయ్యి పెడ్త. ముప్పై ఒక్క ఏండ్ల అలవాటు. పది వేళ్ళు గట్లనే మిగిలినయ్.

*

కర్దనూర్,
మే 11.

మామయ్య గారికి నమస్కారాలతో,

మీరు చెప్పినట్టే మోటర్ బయటికి తీసి బ్యాటరీకి ముట్టించాను. భేషుగ్గా తిరిగింది. నా చేతిలోంచి ఎగిరి, గోడ పక్కన దొర్లి, దాని దుమ్మంతా హర్షిణి ఉతికి ఆరేసిన తెల్ల ల్యాబ్ కోట్ల మీద పోసేంత భేషుగ్గా తిరిగింది. మళ్ళీ కార్లో బిగించాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మిమ్మల్ని అనుమానించేంత ధైర్యం నాకెక్కడిది మామయ్యా? ఈ వయసులో చిన్న చిన్న వస్తువులు కంటికి ఆనకపోవడం ఎవరికైనా సహజమే. అందుకని, మీరు అనుమతిస్తే, ఒక్కసారి ఆ టేపు విప్పి చూడనా?

విధేయుడు,
నవీన్.

తా.క.: హర్షిణి ఈ ఉత్తరం చూసి, "మీరు రాసుకునే కాగితాలతోని విసిరినా ఈపాటికి ఇంజన్ సల్లబడేది" అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

*

హత్నూర,
మే 12.

నవీన్‌కు,

ఈ వయసులనా? నేను పేపర్ల పెండ్లి సంబంధాల కాలమ్ అద్దాలు లేకుండ చదువుత. నాకు కండ్లు ఆనవన్న మొనగాడు ఇంతదనుక పుట్టలే. టేపు ముట్టినవంటే మీ గడప తొక్క, యాదుంచుకో.

మోటర్ మంచిగున్నదంటే దానికి కరెంట్ ఇడిసే రిలే పోయిందన్నట్టు. హార్న్ రిలే గూడ గసుంటిదే, ఫ్యూజ్ డబ్బా బయట పక్కపక్కనే ఉంటయ్. రెండూ అటిటు మార్చి పెట్టు. దాంట్ల గూడ దొరకకపోతే వేడి స్విచ్ తీసి మసిలే నీళ్ళల్ల ఏసి, బల్బు కట్టి సూడు. బల్బు ఎలిగితే మంచిది. గిది గూడ నేనే చెప్పాల్నా? కంపెనీల రోజూ వెయ్యి మందుగోలీల డబ్బాలు ప్యాక్ చేపిస్తవ్, ఒక్క ఫ్యాన్ తిప్పరాదా?

ఇగ టెస్ట్ సంగతి. దానికేం తొందర? పోతే పోనీ, వచ్చే నెల ఇచ్చుకోవచ్చు. లైసెన్స్ యాడికి పోతది?

మామ,
నర్సింహ.

తా.క.: నీ ఉత్తరం పోచయ్య దారిలనే చదివినట్టున్నడు. "మోటర్ మంచిగనే తిరిగిందట గద మామా" అని వ్యాన్ ఆపకముందే అడుగుతున్నడు. ఇగ నుంచి కవర్‌కు గూడ టేపు ఎయ్యి.

*

కర్దనూర్,
మే 16.

మామయ్య గారికి,

రిలేలు అటూ ఇటూ మార్చాను. ఫ్యాన్ రిలేతో హార్న్ దిక్కులదిరేలా మోగింది. వేడి స్విచ్ మరిగే నీళ్ళలో వేశాను. బల్బు వెలిగింది. మోటర్ మంచిదే, రిలే మంచిదే, స్విచ్ మంచిదే, వైర్లు మంచివే. మీరు చూసిన ఫ్యూజ్ సరేసరి. ఇందరు మంచివాళ్ళున్న ఇంట్లో ఆ ఫ్యాన్ ఎందుకు తిరగదు మామయ్యా? నాకు ఏడుపొస్తోంది. టెస్ట్ నాలుగు రోజుల్లోకి వచ్చింది.

పైగా, "వచ్చే నెల ఇచ్చుకోవచ్చు" అని మీరు రాసింది హర్షిణి చదివింది. అప్పటి నుంచి మన ఇద్దరితోనూ మాటల్లేవు. మీరు హత్నూరలో ఉన్నారు కాబట్టి మీకింకా తెలియలేదు.

మీ అభాగ్య అల్లుడు,
నవీన్.

తా.క.: స్విచ్ మరిగించింది ఛాయ్ గిన్నెలో. అందువల్ల ఇంట్లో ఇప్పుడు ఛాయ్ లేదు, గిన్నె కూడా లేదు. టేపు మాత్రం ముట్టలేదు. బండి కడిగేటప్పుడు సైతం మీ సంతకం తడవకుండా ప్లాస్టిక్ కవర్ కప్పాను.

*

హత్నూర,
మే 18.

చిరంజీవి, బంగారం అసుంటి నా అల్లుడు నవీన్‌కు,

కోపంల ఏదేదో రాసిన, మనసుల పెట్టుకోకు బిడ్డా. నువ్వు శాన కష్టపడ్డవ్. ఇగ చాలు. రేపు సోమవారం పొద్దుగాల్ల నేనే వస్త. నేను బానెట్ లేపినప్పుడు దగ్గర్ల ఎవ్వరు ఉండొద్దు, ముఖ్యంగ నువ్వు. లోపల ఛాయ్ పెట్టుకుంట ఉండు. కొత్త గిన్నె నేను తెస్త. ఎందుకు ఏమిటని అడగకు.

ప్రేమతో మామ,
నర్సింహ.

తా.క.: నేను మీ ఇంటికొచ్చినప్పుడు ఏసుకున్న అంగిని మీ అత్త నిన్న ఉతికింది. ఏం లేదు, ఊకెనే రాసిన.

*

కర్దనూర్,
మే 20.

మామయ్య గారి పాదాలకు నమస్కరించి,

హర్షిణి పాసయ్యింది! లైన్లో గంటసేపు ఇంజను ఆపకుండా నిలబెట్టాం. ముల్లు కదిలితే ఒట్టు. ఫ్యాన్ తనంతట తాను తిరుగుతూ, ఆగుతూ, మళ్ళీ తిరుగుతూ ఉంటే నాకు కళ్ళు చెమర్చాయి.

నేను పన్నెండు రోజులు కుస్తీ పట్టిన బండిని మీరు నిన్న పావుగంటలో బాగు చేశారు. ఏం చేశారని అడిగితే "చెయ్యి పడాలె బిడ్డా" అన్నారు తప్ప ఇంకో మాట లేదు. మీ ముఖం ఎందుకో పాలిపోయి ఉంది. ఎండ దెబ్బేమో, మజ్జిగ తాగండి.

ఎప్పటికీ మిమ్మల్ని అనుమానించని,
నవీన్.

తా.క.: మీరు నిన్న కోసి పడేసిన టేపు ముక్క, మీ సంతకం ఉన్నది, తీసి పర్సులో పెట్టుకున్నాను. ఎప్పుడైనా పనికొస్తుంది.

*

కర్దనూర్,
మే 21.

నాయినకు నీ బిడ్డ హర్షిణి,

కాగితం మీదైతేనే నీకు చెల్లుతది గద, అందుకే నేను గూడ రాస్తున్న. కవర్‌కు టేపు ఏసిన, పోచయ్య చదవడు.

శనివారం అమ్మ నాకు ఒక ఫొటో పంపింది. "మీ నాయిన అంగి జేబుల దొరికింది. అడిగితే గుంజుకున్నడు. ఇదేం గోలీ బిడ్డా, నాకు చెప్పకుండ ఏం రోగానికి మింగుతున్నడు?" అని ఒకటే పరేషాన్. నువ్వు రాసిన అంగి జేబు ముచ్చట యాదికొచ్చి, నేను ఆ ఫొటో పటాన్‌చెరుల స్పేర్ పార్టుల దుకాణంల చూపించిన. ఆయన చూసీ చూడంగనే అసుంటిదే కొత్తది చేతుల పెట్టిండు. ఇంటికొచ్చి టేపును ఒక పక్క బ్లేడుతోని లేపిన. మూత లోపల ఫ్యాన్ బొమ్మ ఉంది, ఆ బొమ్మ ఉన్న గూడు ఖాళీగ ఉంది. ఫ్యూజ్ పెట్టి టేపు మల్ల అతికించిన. ఛాయ్ తాగేంత సేపు గూడ పట్టలే. ఆదివారం మీ అల్లుడు షిఫ్టుకు పోయినంక రెండు గంటలు రివర్స్ నేర్చుకున్న.

సోమవారం నిన్ను కిటికీలకెల్లి చూసిన నాయినా. మూత తెరిచినవ్. గూడు నిండి ఉంది. జేబులకెల్లి నీ ఫ్యూజ్ తీసి ఒకసారి దాన్ని, ఒకసారి డబ్బాను చూసినవ్. పావుగంట గదే పని. నాకు నవ్వు ఆగక చున్నీ నోట్ల కుక్కుకున్న.

నీకు శనివారమే చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలే. "వచ్చే నెల ఇచ్చుకోవచ్చు" అని రాసినవ్ చూడు, అది నాకు మస్తు కోపమొచ్చింది, ఏడుపు గూడ వచ్చింది. ఏడో తరగతిల సైకిల్ చైన్ ఎక్కించుడు నేర్పింది నువ్వే. ఎవరి బండి వాళ్ళే చూసుకోవాలె అన్నది గూడ నువ్వే. ఇన్ని దినాలు మీరిద్దరు రాసుకున్నరే గాని, ఒక్కలన్న నన్ను అడిగిండ్రా?

మీ అల్లునికి చెప్ప, నీ ఇజ్జత్ తియ్య. కాని తాళంచెవి ఇగ నా తాననే ఉంటది. ఈ ఆదివారం నేనే నడుపుకుంట హత్నూర వస్తున్న. పక్క సీట్ల కూసొని బ్రేక్ ఎప్పుడెయ్యాల్నో చెప్పొద్దు.

లాగ్ బుక్‌ల ఇట్ల రాసుకో: పని చేసింది హర్షిణి. చెక్డ్. ఓకే.

నీ బిడ్డ,
హర్షిణి.

తా.క.: ఇందాక హాల్ల సీలింగ్ ఫ్యాన్ ఆగింది. మీ అల్లుడు పర్సులకెల్లి నీ సంతకమున్న టేపు తీసి, స్విచ్ బోర్డుకు అతికించి, కుర్చీ ఏసుకొని పైకి చూస్కుంట కూసున్నడు. కరెంట్ పోయిందని నేనింకా చెప్పలే.