గుమ్మం చాప

ఈ రోజు గురువారం. తెల్లవారినప్పటి నుండి పడమటి గాలి వేడిగా వీస్తున్నది. కాలువ కింద వరికోతలు నడుస్తున్నందున గూడెంలో ముసలివాళ్ళు, కోళ్ళు తప్ప ఎవరూ లేరు. ఈత ఆకు తడిపి గోనెసంచి కప్పి ఉంచాను. అది మెత్తబడే లోపల ఈ కాగితం మొదలుపెడుతున్నాను. మెత్తబడగానే రాత ఆపి పట్టీ అల్లుతాను, మళ్ళీ వచ్చి రాస్తాను. కనుక రాతలో ఎక్కడైనా మరక కనబడితే అది మతి తప్పి పడింది కాదు, చేయి తడిసి పడింది.

నల్లగొండ జిల్లా మిర్యాలగూడ తాలూకా, మాడుగులపల్లికి పడమర రాళ్లవాగు గూడెంలో కాపురముంటున్న చింతమళ్ల శాంతమ్మను, కీర్తిశేషుడు ఎల్లయ్య భార్యను, వయసు అరవై దాటింది, వృత్తి ఈత చాపలు అల్లుట, మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, స్వయంగా రాసిన వీలునామా ఇది. నాకు జబ్బు లేదు. చూపు ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు, పెట్టగలిగిన మనిషి చనిపోయి తొమ్మిదేండ్లయింది. నా తెలివి సరిగా ఉన్నదని మా క్రైస్తవ సంఘపెద్దలు ఒప్పుకోకపోవచ్చు. కోర్టు ఒప్పుకుంటే చాలు.

నా ఆస్తి: ఒక పెంకుటిల్లు, కొన్ని సామాన్లు, మా నాయన నా పెండ్లికి ఇచ్చిన ఎకరం పది గుంటల భూమి. ఎకరంలో జొన్న వేస్తాం. పది గుంటల్లో మా సంఘంవాళ్ళు మొదటి నుండి తమవాళ్ళను పూడ్చుకుంటున్నారు. దానికి కాగితం లేదు. శిస్తు నేను కడుతున్నాను.

1. మిర్యాలగూడలో చాపలు, తాళ్ళు అమ్మే లక్ష్మీనర్సయ్య సేటును ఈ వీలునామాకు అమలుదారుగా పెడుతున్నాను. ఇన్నేండ్లూ నా చాపల్లో వంకలు వెతుకుతూనే ఒక్కటీ తిప్పి పంపకుండా కొన్నారు. ఈ పని అడిగితే "మీ గుడి పంచాయతి నా నెత్తికెందుకు శాంతమ్మా" అన్నారు. ఆ గుడిలో ఆయనకు పోయే కుర్చీ లేదు గనుకనే ఆయన పేరు రాశాను.

2. ఇల్లు నా పెద్దకొడుకు దావీదుకు. వాడు మిల్లులో గుమాస్తా, సంఘంలో పెద్ద. ముగ్గురు పెద్దల్లో చిన్నవాడు. వాడికి ఆశ లేదు. ఆశ ఉన్నవాడిని ఇంత ఇచ్చి ఊరుకోబెట్టవచ్చు. వాడికున్నది నీతి. ఇంటి పడమటి గోడ వానకు నానుతుంది. ఇతరుల తప్పులు చూడగా మిగిలిన తీరికలో దాన్ని బాగుచేసుకోవాలి.

3. రాగి బిందె దావీదు భార్య శాంతకుమారికి. ఆమె దాన్ని చూసే చూపును పెండ్లయిన నాటి నుండి చూస్తున్నాను. ఇక చూడనక్కర లేదు, తీసుకోవచ్చు.

4. ఎకరం జొన్న చేను, ఆకు చీరే కత్తి, కుట్టే దబ్బనం నా చిన్నకొడుకు ఏసోబు భార్య బక్కమ్మకు. ఏసోబు మిల్లులో బస్తాల దొంతర మీద కూలి చనిపోయాడు. ఆ పది గుంటల్లో తూర్పు గట్టు పక్కన ఉన్నాడు. బక్కమ్మ అదే మిల్లులో తవుడు ఊడ్చి కూతురు సైదమ్మను పెంచుతున్నది. ఆ దుమ్ముకు ఆమెకు దగ్గు పట్టుకుంది, వదలడం లేదు. కత్తికి పిడి వదులైంది. మార్చి ఇవ్వాలనుకుంటూనే ఉన్నాను.

5. మిగిలిన పది గుంటల గురించి రాసేముందు గుమ్మం చాప సంగతి రాయాలి, లేకపోతే సేటుకు అర్థం కాదు.

మా గుడిలో అందరం నేల మీద కూర్చుంటాం. పాస్టరు గారికి కుర్చీ, పెద్దలకు బెంచీ. సంఘం మొదలైనప్పుడు మిషన్ దొరగారు ఒక నియమం రాసిపెట్టారు. తప్పు చేసినవాళ్ళు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరం. వాళ్ళు ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో ప్రతి శుక్రవారం గుమ్మం దగ్గర వేరే చాప మీద కూర్చోవాలి. గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధనలో ఆశీర్వాదం దాకా లేవకుండా ఉంటే తప్పు కొట్టివేసి బల్లకు తీసుకుంటారు. మధ్యలో లేస్తే వచ్చే ఏడాది మళ్ళీ మొదటి నుండి. తప్పు కొట్టివేయకముందే, చాప మీద ఉండగా చనిపోతే సమాధుల్లో చోటు లేదు. దొరగారు చాప కొలత రాయలేదు. ఒక మనిషికి సరిపోయేంత చాలని పెద్దలు అనుకున్నారు.

ఆ చాప అల్లేది నేనే. దాని మీద ఎవరెవరు కూర్చున్నారో నాకు తెలుసు. నాటు వేసే రోజుల్లో ఆదివారం గుడికి రాని కాటమ్మ కూర్చున్నది. కల్లు తాగిన సైదయ్య కూర్చున్నాడు. వాడు తాగాడని చెప్పింది వాడితో కలిసి తాగిన పెద్దమనిషే. కూలివాళ్ళను తిట్టి కొట్టే మిల్లు మేస్త్రి మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. మేస్త్రి బ్రహ్మయ్య పెద్దల బెంచీ మీద ఉంటాడు గనుక రెండు చోట్ల కూర్చోవడం కుదరదు. నలభై దినాలు మా సంఘం పశ్చాత్తాపపడుతుంది, ఎక్కువగా ఇతరుల గురించి.

బక్కమ్మ చేసిన తప్పు ఇది. పిల్ల పుట్టి పేరు పెట్టకముందే జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయినా తగ్గలేదు. జాన్‌పహాడ్ సైదుల దర్గాకు పోయి మొక్కింది. పిల్ల బతికింది. మొక్కుకున్నట్టే సైదమ్మ అని పేరు పెట్టింది. పెద్దలు పిలిచి అడిగితే, "ఏసయ్యను ఇడిసిపెట్టలేదయ్యా. పిల్ల సచ్చిపోతాంటె ఎవరు దగ్గరుంటె ఆళ్లను పిలిసిన" అన్నది. చాప మీద కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టినవాళ్ళలో ముందున్నది పెద్దలందరికీ పెద్దయిన సోమయ్య. ఆయన ఎద్దుకు జబ్బు చేసినప్పుడు మేకను అదే దర్గాకు బస్సులో తీసుకుపోయాడు. అడిగితే "అంగడిల అమ్మనీకె" అన్నాడు. సాయంత్రానికి కూర వండి గూడెమంతా పంచాడు. మా ఇంటికీ వచ్చింది. నేనూ తిన్నాను. ఉప్పు తక్కువైంది.

బక్కమ్మ మొదటి ఏడాది శుక్రవారాలన్నీ కూర్చున్నది. గుడ్ ఫ్రైడే నాడు దగ్గు వచ్చింది. బ్రహ్మయ్య బెంచీ మీది నుండి "ఏయ్ బక్కమ్మా, జర బయటికి పోయి దగ్గు, వాక్యం ఇనరాదా" అన్నాడు. పోయింది. పెద్దలు సంఘం పుస్తకంలో "మధ్యలో లేచినది" అని రాశారు. మరుసటి ఏడూ అదే జరిగింది. "మీరే పొమ్మంటిరి గదా" అని అడిగింది. సోమయ్య "మేం పొమ్మన్నది దగ్గును. పోయింది నువ్వు" అన్నాడు. అప్పటి నుండి ప్రతి ఏడూ ఇంతే. దావీదుతో నేను మాట్లాడాను. "నా మరదలని నియమం మారిస్తే లోకం ఏమంటదమ్మా" అన్నాడు. వాడి లోకంలో ఉన్నది సోమయ్య, బ్రహ్మయ్య.

బక్కమ్మ దగ్గు ఈ ఏడు ఎక్కువైంది. తగ్గితే మంచిదే. తగ్గకపోతే చాప మీద ఉండగానే ప్రాణం పోతుంది. ఏసోబు పక్కన చోటు ఉండి కూడా ఆమెను వాగు ఇసుకలో పూడ్చాలి. నేను ఈ కాగితం రాయడానికి కారణం అదొక్కటే. అంకెలు వేసిన తక్కిన కలాలు దీని కోసం రాసినవే.

6. కనుక పది గుంటలను కింది షరతుల మీద సంఘానికి దఖలు పరుస్తున్నాను.

మొదటిది. గుడిలో నేను అల్లిన కొత్త చాప తప్ప వేరే చాప వేయకూడదు. అది గుమ్మం దగ్గర మొదలై బల్ల దాకా, ఈ గోడ నుండి ఆ గోడ దాకా ఒకే ముక్క. గుమ్మం నుండి కుట్టుకుంటూ పోయాను గనుక అంతా గుమ్మం చాపే. కోయకూడదు. బెంచీ, కుర్చీ దాని మీదే వేసుకోవచ్చు.

రెండోది. చాప నియమం దాని మీద ఉన్న అందరికీ ఒకటే.

మూడోది. బక్కమ్మ ఎప్పుడు పోయినా ఏసోబు పక్కన పూడ్చాలి.

సంఘం వీటిలో ఏ ఒక్కటి తప్పినా పది గుంటలు సైదమ్మకు చెందుతాయి. అప్పుడు పెద్దలు తమను పూడ్చుకోవడానికి సైదమ్మను అడగాలి. ఆ పిల్లకు ఇప్పుడు ఏడేండ్లు. జాలి గల పిల్ల. కాదనదు.

చాపను నా అనంతరం దాకా ఆపను, రేపే పరుస్తాను. పరచకుండా చుట్టిపెడితే చెదలకు పోతుంది. తండా నుండి ఆకు కోసి తెచ్చిపెట్టింది మంగ్త్యా. చివరి పట్టీకి ఆకు చాలలేదు. మట్టల ఆదివారం నాడు హోసన్నా అని ఊపిన ఈత మట్టలను జనం గుమ్మం బయట పారేసి పోయారు. అవి ఏరుకొచ్చాను. పచ్చి ఆకు ఎండితే కుంచించుకుపోతుంది. బల్ల ముందు పట్టీ వదులైతే తప్పు నా అల్లికది కాదు, ఆ మట్టలు పారేసినవాళ్ళది.

7. నా నీళ్ళ కుండ, మూత, చెంబు గుడికి. గుమ్మం దగ్గర పెట్టి రోజూ నింపాలి. గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదోది దప్పిక మాట. దాని మీద పాస్టరు ఆనందం గారు చాలాసేపు చెబుతారు. గుడిలో తాగడానికి చుక్క నీళ్ళుండవు.

8. నా వేదగ్రంథం పాస్టరు ఆనందం గారికి. ఆయన కోదాడ వైపు మనిషి, మాట మెత్తన. బక్కమ్మ సంగతి అడిగితే "నాకూ బాధేనండి శాంతమ్మగారూ. కుర్చీ నాదే గానీ బెంచీ వాళ్ళదండి" అన్నారు. ఏటా క్రీస్తు కనికరం గురించి చెబుతూ ఏడుస్తారు. నిజంగానే ఏడుస్తారు. బక్కమ్మను బయటికి పంపినప్పుడల్లా ఆయన కళ్ళల్లో నీళ్ళుండి కనబడలేదేమో. తప్పు చేసిన స్త్రీని ప్రభువు ముందుకు ఈడ్చుకొచ్చిన పెద్దలు ఒకరి వెనుక ఒకరు తొలగిపోయిన పుటలో ఈత ఆకు పెట్టాను. అది తీయవద్దు.

9. పాత గుమ్మం చాపను నాకు ఇవ్వాలి. నన్ను దాని మీదే మోసుకుపోయి దానితోనే పూడ్చాలి. అల్లినదాన్నే గానీ దాని మీద ఎన్నడూ కూర్చోలేదు. ఆ కూర తిన్న నాడే కూర్చోవలసింది.

ఇవి నా మాటలే అని, నా ఇష్టంతో రాశానని రూఢి చేస్తూ, 1974 ఏప్రిల్ 11న సంతకం చేశాను.

చింతమళ్ల శాంతమ్మ

సాక్షులు:
మంగ్త్యా, తండా (వేలిముద్ర)
కాటమ్మ, రాళ్లవాగు గూడెం (వేలిముద్ర)

అనుబంధం. 1974 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే, సాయంత్రం.

ఈ రోజు గాలి లేదు, ఉక్క. పొద్దున నేను, బక్కమ్మ, మంగ్త్యా కలిసి చాప పరిచాం. గోడల దగ్గర సరిగ్గా సరిపోయింది. జనం వచ్చి గుమ్మంలో ఆగారు. ఖాళీ నేల కోసం చూశారు. లేదు. వీలునామాలో ఐదు, ఆరు కలాలు చదివి వినిపించాను. కాటమ్మ "నాకు అలవాటే" అని ముందు వచ్చి కూర్చున్నది. తక్కినవాళ్ళు కూర్చున్నారు. పాస్టరు గారు కుర్చీ దాకా పోయి, కుర్చీ కాళ్ళు కూడా చాప మీదే ఉన్నాయని చూసి, కుర్చీ పక్కకు జరిపి కింద కూర్చున్నారు. పెద్దలు బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం పన్నెండుకు ఆరాధన మొదలైంది.

ఏడో కలం కొట్టివేస్తున్నాను. కారణం కింద ఉంది. ఆరో కలం షరతులు అలాగే ఉంటాయి. నియమం ప్రకారం ఆశీర్వాదానికి ముందు లేచినవాళ్ళు వచ్చే శ్రమదినాలు పూర్తయ్యే దాకా చాప మీద ఉన్నట్టే లెక్క. అంతవరకు వాళ్ళు చనిపోకుండా జాగ్రత్తగా ఉండాలి.

పుస్తకంలో రాయడానికి పెద్దలెవరూ మిగలనందున, ఎవరు ఎప్పుడు వెళ్ళారో ఇక్కడ రాస్తున్నాను.

సోమయ్య మొదటి మాట పూర్తి కాకముందే మోకాళ్ళ నొప్పి అని వెళ్ళాడు.

బ్రహ్మయ్య మూడో మాటకు, మిల్లుకు లారీ వచ్చిందని చెప్పి వెళ్ళాడు. లారీ రాలేదు.

ఐదో మాటకు బక్కమ్మకు దగ్గు వచ్చింది. బెంచీ మీద దావీదు ఒక్కడే ఉన్నాడు. ఆమెను బయటికి పొమ్మనలేదు. తానే లేచి వెళ్ళాడు. ఆరో మాట నడుస్తుండగా మా ఇంటి నీళ్ళ కుండ భుజాన పెట్టుకొని వచ్చి గుమ్మం దగ్గర దించాడు, చెంబు ముంచి సైదమ్మ చేతికిచ్చాడు. మధ్యలో లేచాడు గనుక అతని పేరు కూడా రాయాలి. రాశాను.

పాస్టరు గారు మూడు గంటలకు ఆశీర్వాదం ఇచ్చారు.

బక్కమ్మ ఆశీర్వాదం అయ్యాక, అందరూ లేచిన తర్వాత, సైదమ్మను వెంటబెట్టుకొని వెళ్ళింది.

చింతమళ్ల శాంతమ్మ

సాక్షులు:
మంగ్త్యా (వేలిముద్ర)
పాస్టరు ఆనందం (సంతకం)