శాతం సున్నా

ప్రియమైన కాంపౌండర్ బావకి,

పదకొండేళ్ల తర్వాత రాస్తున్నాడంటే వీడికేదో అవసరం పడిందనుకుంటావు. అడగడానికి కాదు బావా, చెప్పుకోవడానికే రాస్తున్నాను.

నా కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. మిలటరీ లారీలో పద్నాలుగు గంటలు కూర్చున్నవాడికి ఇదో లెక్కా అంటాను మీ చెల్లెలితో. ఆవిడ నవ్వదు. డాక్టర్ చెప్పినట్టు నాకు నీళ్లు కొలిచి పోస్తుంది. తను మాత్రం వంటింట్లోకి వెళ్లి చప్పుడు కాకుండా తాగొస్తుంది.

పోయిన నెల మెడికల్ బోర్డుకి వెళ్లాను. ముగ్గురు డాక్టర్లు నా ఫైలంతా తిరగేసి, "జబ్బు పెద్దదే, కానీ సర్వీసులో ఉండగా మొదలైనట్టు ఎక్కడా లేదే" అన్నారు. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యం ఎంత శాతం అన్న గడిలో సున్నా వేశారు.

మీ చెల్లెలు అప్పీలు చెయ్యమని పోరుతోంది. చెయ్యనన్నాను. ఎందుకో తనకి చెప్పలేదు. కొండ మీది క్యాంపులో నా పాదాలు వాచినప్పుడు నువ్వు పరీక్ష చేసి, మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నావు. "రాయకు బావా, రాస్తే బండి దింపేస్తారు" అని నీ చేతులు పట్టుకుని ఏడ్చాను. సరేనన్నావు. అయినా నెల తిరక్కుండానే కెప్టెన్ నన్ను బండి దింపి స్టోర్లో కూర్చోబెట్టాడు. కారణమైనా చెప్పలేదు. ఆ మనిషిని ఈనాటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు అప్పీలంటే నువ్వు రాయని సంగతి బయటపడుతుంది. నా మాట విన్న పాపానికి నీ పెన్షన్‌కి ఎసరు పెట్టలేను. తప్పు నాది, సున్నా కూడా నాదే.

నీ డ్రైవర్

*

డ్రైవర్ బావకి,

నువ్వు కెప్టెన్‌ని తిట్టావు చూశావూ, ఆ తిట్లన్నీ నాకు రావలసినవి.

నీ ఏడుపు చూసి సరేనన్నది నిజం. నువ్వు గుడారం దాటగానే సిక్ రిజిస్టర్లో రాసిందీ నిజం. తేదీ, బీపీ, ప్రోటీన్, వాపు అన్నీ రాశాను. డాక్టరుగారు సంతకం పెట్టి, కొండదారుల్లో నిన్ను నడపనివ్వొద్దని కెప్టెన్‌కి చెప్పారు. నువ్వొచ్చి "బండి దింపేశారు బావా" అంటే నిజం చెప్పే దమ్ము లేక టీ పోసి ఇచ్చాను. పైగా నీతో కలిసి కెప్టెన్‌ని నేనూ తిట్టాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

క్యాంపు రిజిస్టర్లు మన ఫైళ్లలోకి ఎక్కవు, రికార్డు ఆఫీసులో విడిగా ఉంటాయి. నిన్న పొద్దున్నే వెళ్లాను. "అంత పాతవి ఎలకలు తినేసుంటాయి" అన్నాడు గుమస్తా. "తిన్నాయో లేదో చూద్దాం, తాళం తియ్యి నాయనా" అన్నాను. సాయంత్రానికి దొరికింది. కోడి గెలికినట్టుండే నా రాతే. నకలుకి ముద్ర వేయించి పంపుతున్నాను. అప్పీలు చెయ్యి. సాక్ష్యానికి వస్తాను. తిట్టాలనుంటే అక్కడే తిట్టు.

నీ కాంపౌండర్

*

బావా,

బోర్డు ముందు చెప్పాల్సింది చెప్పి, నా మొహం చూడకుండా బస్సెక్కేశావు. నేనూ ఆపలేదు. అబద్ధమెందుకు, ఆ రోజు కోపంగానే ఉంది. స్టీరింగ్ నా ప్రాణమని నీకంటే ఎవరికి తెలుసు?

నిన్న కాగితం వచ్చింది. జబ్బు సర్వీసులోనే మొదలైందని ఒప్పుకున్నారు. వైకల్యం నూరు శాతం. మీ చెల్లెలు చదివి, "నూరు అంటే ఇంకేం మిగల్లేదనా?" అని కళ్లు తుడుచుకుంది. "నా జన్మలో నూటికి నూరు రావడం ఇదే మొదలు, సంతోషించవే" అన్నాను. అప్పుడు మొత్తం చెప్పాను, నా ఏడుపుతో సహా. అంతా విని, "అన్నయ్య రాయకపోతే ఆ వాచిన కాళ్లతో ఏ మలుపులో బ్రేకు తొక్కలేకపోయేవారో" అంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోపం పూర్తిగా పోయిందని చెప్పను. ఆదివారం డయాలసిస్ లేదు. వచ్చి రెండు రోజులుండు. ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుందాం.

నీ డ్రైవర్