అక్షరానికి ఎంత?

అక్కా,

కొట్టుకి వెబ్‌సైట్ కోసం నువ్వు పంపిన డబ్బు అందింది. అంతెందుకురా అన్నావు కదా, నాకూ అలాగే అనిపించి, ఖర్చు తగ్గిద్దామని రెండు రోజులు కూర్చుని, రాసిందంతా కొట్టేసి ఒక్క ముక్క మిగిల్చాను: "పేము కుర్చీలు అల్లబడును."

వెబ్‌సైట్ చేసే అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పింది. "ఇంతేనా, బాబాయ్ గారూ?"

"అక్షరానికి ఎంతమ్మా?" అన్నాను.

పాపం, నోరెళ్లబెట్టింది. ఏడాది అద్దె ఉందట, ఫొటోల ఖర్చుందట, తన కష్టం ఉందట. అక్షరాలకి మాత్రం పైసా లేదట! ఎంతైనా రాసుకోవచ్చట! నమ్మలేక మూడుసార్లు అడిగాను. తెర మీద వేలు పెట్టి కిందికి జరిపింది. తెల్లటి చోటు వస్తూనే ఉంది, వస్తూనే ఉంది.

నాన్న కొట్టుకి బోర్డు రాయించిన రోజు గుర్తుందా? పెయింటరు అక్షరానికింత అనగానే నాన్న వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. నా పేరు రెండక్షరాలు, నీది ఆరు. నా పేరుతో సరిపెట్టేశాడు. అప్పటికి నాకు పేము నానబెట్టడం కూడా రాదు. కొట్లో కుర్చీలన్నీ నువ్వు అల్లినవే. "బాగుంది నాన్నా" అంటూ పెయింటరుకి నిచ్చెన పట్టుకున్నది కూడా నువ్వే.

మొదటి పేజీలో మొదటి వరుస నీ పేరు రాయించాను. ఇంటిపేరుతో సహా. దాని కింద చోటు అలాగే ఉంచమన్నాను. నాకు ఆ అల్లిక ఎలా నేర్పావో నీ మాటల్లో రాసి పంపు.

పొదుపుగా రాయకు.

నీ తమ్ముడు