షోరూం బల్ల

ఏవండీ,

కూర పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. బల్ల మీద వేడి గిన్నె పెట్టకండి, పాలిష్‌కి మచ్చ పడుతుంది. నేను రేపల్లె అక్క దగ్గరికి వెళ్తున్నా.

ఈ బల్ల కోసం తెనాలి పాతసామాన్ల కొట్లో బడి బెంచీ చెక్క, బాపట్లలో కుట్టుమిషన్ కాళ్లు ఇద్దరం కలిసే ఏరి తెచ్చాం. నెలరోజులు ఉప్పుకాగితం పట్టి రుద్దింది నేను. నిన్న మీ వదిన ముందు మాత్రం "గుంటూరు షోరూంలో కొన్నాం" అన్నారు. సరే, ఊరుకున్నా. ఆవిడ నా చేతులు పట్టుకుని "ఏంటమ్మా, ఇలా పగిలిపోయాయి?" అంటే, "అంట్ల సబ్బు పడక" అన్నారు చూడండి, అది మాత్రం మింగుడుపడటం లేదు.

కల్పన

బల్ల కింద మేకుతో మన పేర్లు గీశారుగా. ఆవిడ మళ్లీ వచ్చేలోపు నాది చెరిపేయండి. ఉప్పుకాగితం ఇంకో ముక్క అలమరలో ఉంది.